ఆచ్ఛాదన క్షేత్రం: మురుడేశ్వర్ స్థలపురాణం, మహావిగ్రహం – ఒక పరిశీలన

సారాంశం:

కర్ణాటక రాష్ట్రం, ఉత్తర కన్నడ జిల్లా, భట్కళ్ తాలూకాలో అరేబియా సముద్రతీరాన వెలసిన మురుడేశ్వర్ నేడు 123 అడుగుల శివవిగ్రహానికి ప్రసిద్ధం. విగ్రహపు ప్రఖ్యాతిలో క్షేత్రపు పురాణకథ, గర్భాలయంలోని లింగం మరుగున పడ్డాయన్నది ఈ స్థలంపై సహజంగా కలిగే ఆక్షేపణ. స్థలపురాణాన్ని నిశితంగా చదివితే ఈ ఆక్షేపణను మరోవిధంగా అర్థం చేసుకోవలసి వస్తుంది. పురాణకథ ప్రకారం ఈ క్షేత్రం ఆత్మలింగం మీద కప్పిన వస్త్రం పడిన చోటు. అంటే మరుగుపరచడమే దీని పుట్టుకకు మూలం. ఈ దృష్టితో మహావిగ్రహాన్ని, గోపురాన్ని, వాటి కింద ఉన్న కథాశిల్పాలను కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. గురుచరిత్ర, 'భూకైలాస్' చలనచిత్రం, పంచారామ కథ, శ్రీశైల శిఖరదర్శన సంప్రదాయం వంటి తెలుగువారికి పరిచితమైన ఆధారాలతో పోల్చి, యాత్రారచన నేడు ఎదుర్కొంటున్న ఒక సమస్యను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: మురుడేశ్వర్, ఆత్మలింగం, స్థలపురాణం, భూకైలాసం, తిరోధానం, పంచారామాలు, యాత్రాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

స్థలపురాణం ఒక చోటు ఎందుకు పవిత్రమో చెప్పే కథ. యాత్రారచన ఆ చోటికి వెళ్ళిన మనిషి ఏం చూశాడో చెప్పే కథనం. మొదటిది కారణం చెబుతుంది, రెండవది అనుభవం చెబుతుంది. తెలుగులో ఈ రెండింటికీ దీర్ఘమైన చరిత్ర ఉంది. శ్రీనాథుడి 'భీమేశ్వర పురాణం' దాక్షారామాన్ని కావ్యవస్తువుగా నిలిపింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో చేసిన ప్రయాణం 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. ఒక క్షేత్రాన్ని సాహిత్య విద్యార్థి పరిశీలించాలంటే ఈ రెండు దృష్టులూ కావాలి. కథ ఒకటి చెబుతుండగా కన్ను వేరొకటి చూస్తున్నప్పుడు ఆ అవసరం మరింత పెరుగుతుంది.

మురుడేశ్వర్ అటువంటి క్షేత్రం. కందుకగిరి అనే చిన్న గుట్టను మూడువైపులా సముద్రం చుట్టి ఉంటుంది. గుట్ట మీద కూర్చున్న భంగిమలో చతుర్భుజుడైన శివుడి విగ్రహం ఉంటుంది. ఆలయ ప్రవేశంలో 20 అంతస్తుల రాజగోపురం, దాని మెట్ల దగ్గర కాంక్రీటుతో చేసిన రెండు నిలువెత్తు ఏనుగులు కనిపిస్తాయి. శివమొగ్గకు చెందిన శిల్పి కాశీనాథ్ నేతృత్వంలో విగ్రహం రూపొందింది. ఈ ఊరికే చెందిన వ్యాపారవేత్త, దాత ఆర్.ఎన్.శెట్టి దీని నిర్మాణానికీ, ఆలయ పునరుద్ధరణకూ ధనం సమకూర్చారు. గోపురం 2008లో ప్రారంభమైంది. ఉడుపి, కొల్లూరు, గోకర్ణాలతో కలిపి ఒకే ప్రయాణంలో ఈ క్షేత్రాన్ని చూసివచ్చే తెలుగు యాత్రికులున్నారు. హైదరాబాదులోని కాచిగూడ నుంచి మురుడేశ్వర్ వరకు రైలు కూడా నడుస్తోంది.

ఇంతవరకు చెప్పినది కంటికి కనిపించేది. కంటికి అంత తేలికగా కనిపించనిది గర్భాలయంలోని లింగం. ఈ రెండింటి మధ్య సంబంధం ఏమిటన్నది ఈ వ్యాసం ముందున్న ప్రశ్న.

2. సైకతలింగం నుంచి స్థావరలింగం దాకా:

గోకర్ణ ప్రాంతం రావణుడి కథతో ముడిపడడం చాలా ప్రాచీనం. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో రావణుడు తన సోదరులతో కలిసి తపస్సు చేసింది గోకర్ణాశ్రమంలోనే. కాళిదాసు 'రఘువంశం' ఎనిమిదవ సర్గలో నారదుడు దక్షిణసముద్ర తీరాన ఉన్న గోకర్ణేశ్వరుణ్ణి సేవించడానికి ఆకాశమార్గాన వెళుతుండగా, అతని వీణ మీది పూలమాల జారి ఇందుమతి మరణానికి కారణమవుతుంది. ఉత్తరకాండలో రావణుడు కైలాసాన్ని ఎత్తబోయిన ఘట్టం ఉంది గానీ ఆత్మలింగ వృత్తాంతం లేదు. ఆ వృత్తాంతం తరువాతి క్షేత్రమాహాత్మ్యాలలోనూ, జనశ్రుతిలోనూ వ్యాపించింది.

ఆ కథ క్లుప్తంగా ఇది. రావణుడి తల్లి కైకసి లింగాన్ని చేసుకొని పూజించేది. సముద్రతీరపు ఇసుకతో చేసిన ఆ సైకతలింగాన్ని అల తీసుకుపోయిందని ఒక కథనం. తల్లి దుఃఖం తీర్చడానికి ఏకంగా శివుడి ఆత్మలింగాన్నే తెస్తానని రావణుడు పూనుకుంటాడు. తపస్సుతో, గానంతో శివుణ్ణి మెప్పించి దాన్ని సాధిస్తాడు. లంకకు చేరేదాకా నేల మీద పెట్టకూడదన్నది నియమం. విష్ణువు సూర్యుణ్ణి కప్పివేయగా సంధ్యాసమయమైందని రావణుడు భ్రమపడతాడు. పశువులను కాచే బాలుడి రూపంలో వచ్చిన వినాయకుడి చేతిలో లింగాన్ని పెట్టి సంధ్య వార్చడానికి వెళతాడు. బాలుడు మూడుసార్లు పిలిచి, లింగాన్ని నేల మీద ఉంచేస్తాడు. రావణుడు తన బలమంతా ప్రయోగించినా అది కదలలేదు. అతని పట్టుకు మెలితిరిగి ఆవుచెవి ఆకారం పొందింది. అందువల్ల ఆ చోటు గోకర్ణం, ఆ దేవుడు మహాబలేశ్వరుడు.

ఈ కథలో లింగానికి మూడు దశలున్నాయి. శైవాగమాలు ఇసుక వంటి ద్రవ్యాలతో అప్పటికప్పుడు చేసుకొని పూజానంతరం విడిచిపెట్టే లింగాన్ని క్షణికలింగమంటాయి. కైకసి పూజించిన సైకతలింగం ఆ కోవకు చెందినది. రావణుడు చేతపట్టుకొని నడిచినంతసేపూ ఆత్మలింగం చలలింగం. నేలను తాకిన క్షణం నుంచి అది అచలం, స్థావరం. ఒక తల్లి చేతిలో క్షణికంగా మొదలైన లింగం ఆమె కొడుకు చేతిలో చలమై, ఒక పిల్లవాడి చేతిలో అచలమైంది. నిలిచిపోయే లింగాన్ని కోరినవాడు రావణుడే. అయితే అతడు కోరిన చోట అది నిలవలేదు. కథలోని వ్యంగ్యం ఇక్కడే ఉంది.

పరిమాణం విషయంలోనూ ఈ కథ ఒక మాట చెబుతుంది. పది తలలు, ఇరవై చేతులు ఉన్న మహాకాయుడు అరచేతిలో ఇమిడే వస్తువు ముందు ఓడిపోతాడు. ఓడించినవాడు పసులకాపరి వేషంలోని బాలుడు. భారీతనం మీద అల్పత్వం సాధించిన విజయంగా ఈ కథను చదవవచ్చు. ఇటువంటి కథకు ఆలవాలమైన తీరంలో 123 అడుగుల విగ్రహం నిలబడడం మొదటి చూపుకు కథకు ఎదురు నడిచినట్లు అనిపిస్తుంది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే కథలో మురుడేశ్వర్ పాత్ర ఏమిటో తెలుసుకోవాలి.

3. తెలుగువారికి చేరిన కథ:

తెలుగు పాఠకులకు ఈ కథ ప్రధానంగా రెండు దారులలో చేరింది. మొదటిది గురుచరిత్ర. సరస్వతీ గంగాధరుడు మరాఠీలో రచించిన ఈ గ్రంథం పారాయణగ్రంథంగా తెలుగు ఇళ్ళలోకి వచ్చింది. ఎక్కిరాల భరద్వాజ తెలుగు గురుచరిత్ర ఇందుకు బాగా తోడ్పడింది. పిఠాపురంలో జన్మించిన శ్రీపాద శ్రీవల్లభులు గోకర్ణంలో కొంతకాలం నివసించారన్నది ఆ గ్రంథంలోని కథనం. గోకర్ణాన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబుగా ఆత్మలింగ వృత్తాంతం వస్తుంది. అందువల్ల గురుచరిత్ర దృష్టి గోకర్ణ మహాబలేశ్వరుడి మీదే నిలుస్తుంది. ఒక తెలుగు ఊరిలో పుట్టిన అవధూత నివాసస్థలంగా గోకర్ణం తెలుగు భక్తుడికి మానసికంగా దగ్గరైంది.

రెండవది చలనచిత్రం. కన్నడ రంగస్థలం మీద ప్రసిద్ధమైన 'భూకైలాస' నాటకం ఆధారంగా సుందర్‌రావ్ నాదకర్ణి దర్శకత్వంలో 1940లో తెలుగు 'భూకైలాస్' వచ్చింది. దానికి బలిజేపల్లి లక్ష్మీకాంతం రచన చేశారు. 1958లో కె.శంకర్ దర్శకత్వంలో వచ్చిన 'భూకైలాస్'కు సముద్రాల రాఘవాచార్య మాటలు, పాటలు రాశారు. ఎన్.టి.రామారావు రావణుడిగా, అక్కినేని నాగేశ్వరరావు నారదుడిగా, జమున మండోదరిగా నటించారు. రావణుణ్ణి ప్రతినాయకుడిగా మాత్రమే చూడడానికి అలవాటుపడిన ప్రేక్షకుడికి ఈ చిత్రం అతణ్ణి మాతృభక్తుడిగా, శివభక్తుడిగా, వంచితుడిగా చూపించింది. భూమి మీద కైలాసం నిలపాలన్న కోరిక ఒక కొడుకు కోరికగా, ఒక భక్తుడి పట్టుదలగా కనిపిస్తుంది. ఆ కోరిక భగ్నమైన చోట ప్రేక్షకుడి సానుభూతి రావణుడి పక్షాన ఉంటుంది.

మురుడేశ్వర్‌లో మహావిగ్రహం కింద ఉన్న గుహలో ఇదే భూకైలాస కథ శిల్పాల వరుసగా కనిపిస్తుంది. గుట్ట చుట్టూ ఉన్న శిల్పాలలో రావణుడు బాలుడి రూపంలో ఉన్న వినాయకుడి చేతిలో మోసపోయే ఘట్టం కూడా ఉంది. 'భూకైలాస్' చూసిన తెలుగు యాత్రికుడికి ఆ కథను ఎవరూ కొత్తగా వివరించనక్కరలేదు. శిల్పాన్ని చూడగానే చిత్రంలోని సన్నివేశం స్ఫురిస్తుంది. కన్నడ నేల మీది కథ కన్నడ నాటకంగా, తెలుగు చిత్రంగా ప్రయాణించి, మళ్ళీ అదే తీరంలో కాంక్రీటు శిల్పాల ముందు తెలుగు ప్రేక్షకుడిని నిలబెట్టింది. ఒక కథ భాషల మధ్య, కళారూపాల మధ్య తిరిగి తన స్వస్థలానికి చేరడం తులనాత్మక అధ్యయనం చేసేవారు గమనించదగిన విషయం.

అయితే తెలుగువారికి ఈ రెండు దారులలో చేరిన కథకు కేంద్రం గోకర్ణమే. లింగం కదలకపోవడమే దాని పరాకాష్ఠ. మురుడేశ్వర్ కథ ఆ పరాకాష్ఠ తరువాత మొదలవుతుంది.

4. లింగం మీది వస్త్రం:

స్థానిక స్థలపురాణం ప్రకారం, లింగాన్ని కదపలేకపోయిన రావణుడు కోపంతో దాన్ని తెచ్చిన సరంజామాను విసిరికొట్టాడు. లింగాన్ని ఉంచిన పెట్టె పడిన చోటు సజ్జేశ్వరం. దాని మూత, కట్టిన దారం పడిన చోట్లు గుణవంతేశ్వరం, ధారేశ్వరం. కప్పిన వస్త్రం వచ్చి కందుకగిరి మీద పడింది. అక్కడి దేవుడు మృడేశ్వరుడు. ఆ పేరే వాడుకలో మురుడేశ్వరుడైంది. ఏ వస్తువు ఎక్కడ పడిందన్న విషయంలో కథనాల మధ్య చిన్న చిన్న తేడాలున్నా, మురుడేశ్వర్‌కు వస్త్రంతో ఉన్న సంబంధం ప్రసిద్ధం. గోకర్ణంతో కలిపి ఈ ఐదింటినీ పంచక్షేత్రాలుగా భావిస్తారు.

తెలుగు పాఠకుడికి ఈ సందర్భంలో పంచారామాలు గుర్తుకు రావడం సహజం. తారకాసురుడి కంఠంలోని లింగాన్ని కుమారస్వామి ఛేదించగా అది ఐదు ముక్కలై ఐదుచోట్ల పడిందని, వాటిని ఇంద్రుడు అమరారామంలో, సూర్యుడు ద్రాక్షారామంలో, చంద్రుడు సోమారామంలో, విష్ణువు క్షీరారామంలో, కుమారస్వామి కుమారారామంలో ప్రతిష్ఠించారని జనశ్రుతి. రెండు కథల చట్రం ఒకటే. రెండింటిలోనూ లింగం రాక్షసుడి వశంలో ఉంది. రెండింటిలోనూ అతడు దాన్ని కోల్పోతాడు. రెండింటిలోనూ ఐదు క్షేత్రాలు ఏర్పడతాయి.

తేడాలు ఇంకా ముఖ్యమైనవి. పంచారామాలలో పంచుకున్నది లింగాన్నే. ఐదు క్షేత్రాలకూ సమానమైన వాటా ఉంది. గోకర్ణ పంచక్షేత్రాలలో లింగం ఒక్కచోటనే ఉంది. మిగిలిన నాలుగుచోట్ల పడినవి లింగాన్ని మోసినవి, మూసినవి, కట్టినవి, కప్పినవి. పంచారామాలను దేవతలు విజయానంతరం ప్రతిష్ఠించారు. ఈ నాలుగు క్షేత్రాలు ఓడినవాడి కోపం నుంచి పుట్టాయి. ప్రతిష్ఠాపన సంకల్పమే లేని చర్య నుంచి పుణ్యక్షేత్రం ఏర్పడడం స్థలపురాణాలలో అరుదైన ఊహ. లింగాన్ని తాకిన ప్రతి వస్తువూ లింగమవుతుందన్న విశ్వాసం దీనికి ఆధారం. మురుడేశ్వర్ లింగాన్ని ఆత్మలింగ ఖండంగానే భావించే స్థానిక విశ్వాసం కూడా ఉంది. ఈ రెండు విశ్వాసాలకూ పొత్తు కుదిర్చేది ఈ స్పర్శ అన్న భావనే. కప్పినది కప్పబడినదానితో ఒకటైపోయింది.

శైవసిద్ధాంతం శివుడికి సృష్టి, స్థితి, సంహారం, తిరోధానం, అనుగ్రహం అనే ఐదు కృత్యాలను చెప్పింది. తిరోధానమంటే మరుగుపరచడం. శివుడు జీవుడికి తన స్వరూపాన్ని కనబడకుండా చేసి, పరిపాకం వచ్చినప్పుడు అనుగ్రహిస్తాడు. మురుడేశ్వర్ కథలో ఈ రెండు కృత్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. పడినది ఆచ్ఛాదన వస్త్రం. అది తిరోధానానికి గుర్తు. వెలసిన దేవుడి పేరు మృడుడు. ఆ పదానికి దయతో సుఖం కలిగించేవాడని అర్థం. అది అనుగ్రహానికి గుర్తు. స్థలపురాణకర్తలు ఈ తాత్త్వికార్థాన్ని ఉద్దేశించి ఉండకపోవచ్చు. అయినా కథా నిర్మాణంలో ఆ అర్థానికి చోటుంది. ఈ కారణంగా మురుడేశ్వర్‌ను ఆచ్ఛాదన క్షేత్రంగా పేర్కొనవచ్చు.

5. నేలలోని లింగం, నింగిలోని విగ్రహం:

ఆలయం ఆధునికీకరణ పొందినా గర్భాలయాన్ని పాత తీరులోనే ఉంచారు. అందులోని లింగం నేలమట్టానికి సుమారు రెండు అడుగుల లోతున ఉంటుంది. అది గుంటలో ఉన్న గరుకైన శిల. భక్తులకు గర్భాలయంలోకి ప్రవేశం లేదు. విశేష సేవలు చేయించుకునేవారు గడప ముందు నిలబడితే, అర్చకులు నూనెదీపాన్ని లింగం దగ్గరగా పట్టి చూపిస్తారు. దీపం చేరినంత మేరకే లింగం కనబడుతుంది. గుట్ట కింద ఉన్న రామేశ్వర లింగానికి మాత్రం భక్తులు స్వయంగా సేవ చేసుకోవచ్చు.

ఈ అమరికను పంచారామాలతో పోల్చితే ఆసక్తికరమైన విలోమం కనిపిస్తుంది. ద్రాక్షారామంలో, సామర్లకోటలో లింగం రెండు అంతస్తుల ఎత్తు ఉంటుంది. పై అంతస్తుకు మెట్లెక్కి అగ్రభాగాన్ని దర్శించుకుంటారు. అక్కడ ఎత్తు గర్భాలయం లోపల ఉంది. భక్తుడు ఎక్కేది లింగం కోసం. మురుడేశ్వర్‌లో లింగం నేలలోపల ఉంది, ఎత్తు ఆలయం బయట ఉంది. గోపురంలో లిఫ్ట్ ఎక్కి 18వ అంతస్తుకు వెళ్ళిన యాత్రికుడికి సముద్రం, చేపల పడవలు, విగ్రహం ఒకే చూపులో అందుతాయి. అక్కడ ఎక్కేది దృశ్యం కోసం. లింగాన్ని చూడాలంటే మళ్ళీ కిందికి దిగి, తల వంచి, దీపపు వెలుగులో నేలలోకి చూడాలి.

ఈ రెండు చూపులనూ పరస్పర విరుద్ధాలుగా చెప్పడం తేలిక. ఆచ్ఛాదన భావన దృష్ట్యా చూస్తే వాటి సంబంధం మరొక విధంగా తోస్తుంది. మహావిగ్రహం గర్భాలయంలోని మూలమూర్తి కాదు, ఊరేగింపునకు తరలే ఉత్సవమూర్తి అంతకంటే కాదు. ఆగమాలు చెప్పే అచల, చల విభాగాలలో అది తేలికగా ఇమడదు. అయితే స్థలపురాణపు తర్కంలో దానికొక స్థానం ఉంది. అది లింగం మీద కప్పిన కొత్త వస్త్రం. లోపలిదాన్ని దాస్తూనే, ఇక్కడొకటి దాగి ఉందని దూరం నుంచే చాటుతుంది. వస్త్రం చేసే పని కూడా అదే. కప్పిన గుడ్డను చూసినప్పుడే లోపల ఏదో ఉందని తెలుస్తుంది.

ఈ సమర్థనకు ఒక షరతు ఉంది. రావణుడు విసిరిన వస్త్రం లింగమైనది దానికి స్వతహాగా ఉన్న విలువ వల్ల కాదు. అది లింగాన్ని తాకింది. ఆ స్పర్శ లేకపోతే అది గాలికి కొట్టుకుపోయే గుడ్డముక్క. మహావిగ్రహానికీ ఇదే వర్తిస్తుంది. కథతోనూ, లింగంతోనూ దాని స్పర్శ నిలిచినంతవరకు అది క్షేత్రంలో భాగం. ఆ స్పర్శ తెగిన క్షణాన అది సముద్రపు నేపథ్యంలో ఒక భారీ నిర్మాణం మాత్రమే. విగ్రహం కిందనే భూకైలాస గుహను ఏర్పరచడం ఈ స్పర్శను కాపాడిన మంచి ఊహ. విగ్రహాన్ని చూడడానికి వచ్చినవాడు దాని కిందికి దిగితే కథలోకి ప్రవేశిస్తాడు. దిగకుండా వెనుదిరిగినవాడికి విగ్రహం కథ లేని బొమ్మగా మిగులుతుంది.

6. ఒక ఆక్షేపణ – శిఖరదర్శనం:

ఈ షరతు గర్భాలయానికి మితిమీరిన ప్రాధాన్యం ఇస్తోందన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. గర్భాలయాలు అందరికీ సమానంగా తెరుచుకోలేదన్నది చరిత్ర. ఆలయ ప్రవేశం కోసం ఈ దేశంలో ఉద్యమాలు జరిగాయి. గడపకు అవతల, దీపం వెలుగులో, సేవ చేయించుకున్నవారికి మాత్రమే దగ్గరగా కనిపించే లింగం కంటే, సముద్రంలో వలవేస్తున్న జాలరికి, రహదారి మీద వెళుతున్న బాటసారికి, మెట్లెక్కలేని వృద్ధురాలికి ఒకే విధంగా కనిపించే విగ్రహమే ఎక్కువ ప్రజాస్వామికం కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీలులేదు. గర్భాలయానికి లేని ఒక సమానత్వం విగ్రహానికి ఉంది.

దూరం నుంచి చూడడమే దర్శనమన్న భావన తెలుగు శైవానికి కొత్త కాదు. శ్రీశైల శిఖరాన్ని దర్శిస్తే పునర్జన్మ ఉండదన్న విశ్వాసం ప్రసిద్ధం. శిఖరేశ్వరంలో నంది కొమ్ముల మధ్య నుంచి మల్లన్న ఆలయ శిఖరాన్ని చూడడానికి భక్తులు ప్రయత్నిస్తారు. గర్భాలయానికి చేరకుండానే లభించే దర్శనఫలం అది. అందువల్ల దూరదర్శనాన్ని తక్కువగా చూడడం సంప్రదాయానికి కూడా సమ్మతం కాదు.

కానీ శిఖరేశ్వరంలో భక్తుడి చూపుకు ఒక గమ్యం ఉంది. అతడు నంది కొమ్ముల మధ్య వెతుకుతాడు. చూపును కూడదీసుకొని, ఫలానా చోట శిఖరముంది, దాని కింద స్వామి ఉన్నాడు అనుకుంటాడు. దూరం అతడి చేత శ్రమ చేయిస్తుంది. మహావిగ్రహం ఆ శ్రమను అడగదు. అది తనంతట తానే కంటబడుతుంది. కాబట్టి అందరికీ కనిపించడం విగ్రహపు గుణమే అయినా, ఆ కనిపించడాన్ని దర్శనంగా మార్చే పని చూసేవాడి మీద ఉంది. ఆ పనిలో అతనికి తోడ్పడవలసినవి కథ, దాన్ని చెప్పే రచన.

7. అంకెల భాష – యాత్రారచన:

మురుడేశ్వర్‌ను పరిచయం చేసేటప్పుడు వాడుకలో ఉన్న భాష ఎక్కువగా అంకెల భాష. 123 అడుగులు, 20 అంతస్తులు, 18వ అంతస్తు, ప్రపంచంలో ఇన్నో స్థానం అన్న వరుసలో పరిచయం సాగుతుంది. అంకెలు దోషం కావు. ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రలో మజిలీల మధ్య దూరాలను, దొరికే వస్తువులను, దారి మంచిచెడులను శ్రద్ధగా నమోదు చేశారు. ఆ వివరాలు తరువాత వచ్చే యాత్రికుడికి పనికివస్తాయి. వాటి పక్కనే క్షేత్రాచారాలను, మనుషుల నడవడిని పరిశీలించే ఆలోచన కూడా నడుస్తుంది. ఆయన రచనలో అంకె ఆలోచనకు సాయంగా ఉంది.

స్థానాన్ని చెప్పే అంకె వేరు. అది మరొక విగ్రహంతో పోటీలో మాత్రమే అర్థమిస్తుంది. నేపాల్‌లోని సాంగాలో కైలాసనాథ మహాదేవ విగ్రహం వచ్చాక, 2022లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో 369 అడుగుల శివవిగ్రహం ప్రారంభమయ్యాక మురుడేశ్వర్ పాత స్థానం మారిపోయింది. తెలుగు నేల మీద కూడా పరిటాలలో 135 అడుగుల ఆంజనేయుడు, ముచ్చింతలలో 2022లో ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజులు నిలిచి ఉన్నారు. ఎత్తు మీద కట్టిన కీర్తిని మరో ఎత్తు తగ్గిస్తుంది. వస్త్రం పడిన చోటన్న గుర్తింపును ఏ విగ్రహమూ తీసుకోలేదు. ఆ గుర్తింపు మరే క్షేత్రంతోనూ పోటీలో లేదు.

ఈ కారణంగా, ఎత్తులనే నమ్ముకున్న యాత్రారచన ఆ ఎత్తులతోపాటే పాతబడుతుంది. క్షేత్రానికి ప్రత్యేకమైన కథను పట్టుకున్న రచన నిలుస్తుంది. గుహలోని శిల్పవరుస, గర్భాలయంలోని గరుకు శిల, దీపపు వెలుగు, ఇసుక మీద విరిగే అల, ఇవన్నీ ఒకే కథలోని భాగాలని చెప్పగలిగినప్పుడే యాత్రారచన స్థలపురాణపు బాధ్యతను కొంతైనా నెరవేర్చినట్లు. సమాచారం నేడు ఎవరికైనా దొరుకుతుంది. సంబంధాన్ని చూపడం రచయిత పని.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు ఇవి:

1. ఆత్మలింగ కథ క్షణికలింగంతో మొదలై, చలలింగంగా సాగి, అచలలింగంతో ముగుస్తుంది. అందులో భారీతనం ఓడి, అల్పరూపం గెలుస్తుంది.

2. తెలుగువారికి గురుచరిత్ర, 'భూకైలాస్' ద్వారా అందిన కథకు గోకర్ణం కేంద్రం. మురుడేశ్వర్ కథ దాని ఉత్తరభాగం.

3. పంచారామ కథతో గోకర్ణ పంచక్షేత్ర కథకు చట్రంలో పోలిక ఉంది. మొదటిది లింగఖండాల కథ, రెండవది ప్రధానంగా లింగాన్ని కప్పి మోసిన వస్తువుల కథ.

4. మహావిగ్రహాన్ని స్థలపురాణానికి విరుద్ధమైనదిగా కాక, ఆచ్ఛాదన భావనకు కొనసాగింపుగా చదవడానికి అవకాశం ఉంది. కథతో, లింగంతో స్పర్శ నిలిచి ఉండడం అందుకు షరతు.

5. ఆ స్పర్శను నిలపడంలో యాత్రారచనకు బాధ్యత ఉంది.

సముద్రతీరపు ఉప్పుగాలి కాంక్రీటు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది, పైపూతను వెలవెలబోయేలా చేస్తుంది. ఏ తీరంలోనైనా ఇంత పెద్ద నిర్మాణానికి నిరంతర సంరక్షణ తప్పదు. కైకసి సైకతలింగాన్ని తీసుకుపోయింది సముద్రపు అలే. రావణుడు శాశ్వతమైనదాన్ని వెతకడానికి బయలుదేరింది ఆ అల వల్లనే. ఆ అల ఇప్పటికీ కందుకగిరిని మూడువైపులా తాకుతూనే ఉంది. విగ్రహం దగ్గర నిలబడి సముద్రాన్ని చూసే యాత్రికుడికి ఈ సంగతి తెలిస్తే, అతడు చూస్తున్న దృశ్యం దర్శనానికి చేరువవుతుంది. ఆ తరువాత అతడు గర్భాలయం గడప ముందుకు వెళ్ళి నేలలోకి వంగి చూసినప్పుడు, అక్కడి దీపపు వెలుగు సరిపోతుంది.